కుడి పక్క మిద్దె

మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాలు. రాజపాళయంలో ఇది వింతేమీ కాదు. మా పెద్దలు ఎన్నో తరాల కింద ఆంధ్ర వైపు నుంచి వచ్చినప్పుడు భాషను నోట్లో పెట్టుకుని వచ్చారు, అక్షరాలను మాత్రం దారిలో ఎక్కడో జారవిడిచారు. అందుకని అంగడి చీటీ అయినా, పెళ్ళి కబురైనా, తెలుగు మాటను తమిళ అక్షరాల్లో ఇరికించి రాసుకుంటాం. నిజంగా ఇరుకే. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. ఏది కావాలో చదివేవాడు సందర్భం చూసి తెలుసుకోవాలి. యాభై రెండేళ్ళు వచ్చేవరకూ నాకు దీనివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. వచ్చింది సరిగ్గా తాగుడు మానడానికి బయలుదేరిన రోజున.

తాగుడు సంగతి ముందు చెప్పాలి. నాకు బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డు ఉంది, పన్నెండు మగ్గాలు. సాయంత్రం ఆరుకు మగ్గాలు ఆగుతాయి. ఆరుంపావుకు నేను మొదలయ్యేవాణ్ణి.

తాగుబోతు అన్న మాట వింటే ఒళ్ళు మండేది నాకు. తాగుబోతు అంటే బ్రాందీ షాపు ముందు పంచె ఊడిపోయి పడి ఉండేవాడు. నేను ప్యాంటు వేసుకుంటాను. పైగా నేను తాగను, 'కొంచెం తీసుకుంటాను'. ఆ తీసుకునేదాన్ని దాచడంలో చూపించిన తెలివి మగ్గాల మీద చూపించి ఉంటే ఈపాటికి మిల్లు కట్టేవాణ్ణి. గంజిపొడి డబ్బాలో దాచాను, స్కూటర్ సీటు కింద దాచాను, చివరికి ఆముదం సీసాలో పోసి పెట్టాను. ఆముదం సీసా ఆలోచన మీద నాకు చాలా గర్వంగా ఉండేది. మా ఇంట్లో దాని మూత తీసేంత ధైర్యం ఎవరికీ లేదనుకున్నాను. ఒక ఆదివారం మా ఆవిడ మోకాళ్ళకు రాసుకుందామని తీసింది. రాసుకుంది కూడా. 'నొప్పి తగ్గిందా' అని అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

ఇంతవరకు అందరూ నవ్వేదే. తర్వాతది నవ్వేది కాదు.

మా అమ్మాయిని తళవాయిపురంలో ఇచ్చాం. దానికి ఆడపిల్ల పుట్టింది, నాకు మొదటి మనవరాలు. తొట్టిల్లో వేసే రోజున పొద్దున్నే కొంచెం తీసుకుని వెళ్ళాను. బిడ్డను ఎత్తుకునేటప్పుడు చేతులు వణకకూడదు కదా, అందుకు. బిడ్డను నా చేతుల్లో పెట్టారు. నేను కదలకుండా నిలబడే ఉన్నాననుకున్నాను, ఇల్లే కొంచెం పక్కకు ఒరిగింది. వెళ్ళి పాయసం గుండిగ మీద కూర్చున్నాను. మూత వేసి ఉంది కాబట్టి సరిపోయింది. అమ్మాయి పరుగున వచ్చి బిడ్డను లాక్కుంది. అరవలేదు.

"నాయనా, ఇంక మీ చేతికి బిడ్డనియ్యను. చూడాలంటే అక్కణ్ణుంచే చూడండి."

అది చూపించిన 'అక్కడ' గుమ్మానికి అవతల ఉంది. ఆ తర్వాత రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ వరండాలో కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. బిడ్డను లోపలి గదిలోంచి హారతి చూపించినట్టు చూపించి తీసుకెళ్ళిపోయారు. మూడోసారి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. బయటికి మాత్రం, ఏమీ కాలేదు కదా, ఇంత రాద్ధాంతం దేనికి అని చిందులు తొక్కేవాణ్ణి. లోపల మాత్రం ఆ పిల్ల బరువు ఎంతుండేదో గుర్తు తెచ్చుకోవాలని చూసేవాణ్ణి. గుర్తొచ్చేది కాదు. ఎత్తుకున్నప్పుడు నేను నాలో లేను మరి.

మా ఆవిడ తిట్టే మనిషి కాదు, చీటీలు రాసే మనిషి. కోపం వస్తే నోరు మూసేసి, క్యాలెండర్ కాగితం చించి, వెనకవైపు రాసి కాఫీ లోటా కింద పెడుతుంది. చిన్న కోపానికి రోజు కాగితం, పెద్ద కోపానికి నెల కాగితం. ఒక పొద్దున లోటా కింద నెల కాగితం ఉంది. అంత పెద్ద కాగితం మీద రాసింది నాలుగే ముక్కలు: సాయంత్రం ఆరుకి చత్రం సందు. ఫలానా పక్క మిద్దె మీద తాగుడు మానేవాళ్ళ కూటం. పొండి. పోకుంటే తళవాయిపురం వాకిలి తొక్కొద్దండి.

ఇక్కడ నేను 'ఫలానా' అని రాసిన మాట దగ్గరే ఆగిపోయాను. తమిళ అక్షరాల్లో ఉన్న ఆ రెండక్షరాల మాటను కుడి అని చదవొచ్చు, గుడి అని చదవొచ్చు. అదీ చాలదన్నట్టు తమిళంలో కుడి అంటే తాగుడు. తప్పు చేసినవాడి కంటికి ముందు అదే కనిపించింది. తాగుడు పక్క మిద్దె! ఊరంతా చూసేలా బోర్డు పెట్టారా ఏమిటనుకున్నాను. కాసేపటికి గుడి అని తట్టింది. చత్రం సందులో పిళ్ళైయార్ గుడి, అదే వినాయకుడి గుడి, ఉంది, దాన్ని ఆనుకుని మిద్దె ఉంది. తాగుడు మాన్పించేవాళ్ళు గుడి పక్కన కాక ఇంకెక్కడ ఉంటారు? అంతా సరిపోయింది. కుడి అంటే కుడివైపు అని కూడా ఒక అర్థం ఉందని, అదే మా అందరి నోళ్ళలో రోజూ నలిగే మాటని, ఆ పూట నాకు తట్టనే లేదు. అడుగుదామంటే మా ఆవిడ తొలి బస్సుకే తళవాయిపురం వెళ్ళిపోయింది. ఫోన్ చేసి అడగొచ్చు. రోషం అడ్డొచ్చింది.

స్కూటర్ రెండు వీధుల అవతల పెట్టాను. ఎవరైనా చూస్తే గుడికి పోతున్నాడనుకోవాలని ఒక కొబ్బరికాయ కొని చేత్తో పట్టుకున్నాను. లోపల చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాను: 'నాకోసం కాదండి, నా సావాసగాడి కోసం విచారించను వచ్చినాను.' మెట్లు ఎక్కుతూ దాన్ని రెండుసార్లు వల్లించాను.

పైన పది పదిహేను మంది ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన లేచి ఎదురొచ్చాడు.

"రాండి, రాండి. మొదటి తూరా? వెక్కపడొద్దండి, సిగ్గెందుకు? ఇక్కడ అందరూ మీ మాదిరే."

అందరినీ ఒకసారి చూశాను. సగం మంది ఆడవాళ్ళు. అందులో పట్టుచీర కట్టుకుని నడుం నిటారుగా పెట్టి కూర్చున్న ముసలావిడ, మూడో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ! మా ఊళ్ళో ఎవరూ ఊరికే టీచరమ్మగా ఉండరు, ఈవిడ మా వియ్యపురాలికి పెద్దమ్మ కూతురు కూడా. తెల్లచొక్కాయన సైగ చేయగానే ఆవిడే మొదలుపెట్టింది.

"నాలుగు నెలలు తాకలేదు. నిన్న కల్యాణంలో మనసు ఆగలేదు. పందిరి వెనక్కి పోయి ఎవరూ చూడకుండా రెండు వేసేసినాను."

రెండు! పందిరి వెనక! ఈ చేత్తోనే నా చెవి మెలిపెట్టింది.

"కోడలు బీరువాలో పెట్టి తాళం వేస్తుంది," అంది మళ్ళీ. "తాళంచెవి యాడ పెడుతుందో నేను కనిపెట్టేసినాను."

పక్కనున్న బట్టతలాయన నిట్టూర్చాడు. "నాకు పొద్దున కాఫీలో లేకుంటే చెయ్యి వణుకుతుంది. ఇంట్లోవాళ్ళు కాఫీలో వేసేది నిలిపేసినారు. నేను జేబులో పెట్టుకుని పోయి బాత్రూంలో కలుపుకుంటాను."

కాఫీలో కలుపుకుని! నేనెప్పుడూ అంతకు దిగజారలేదు. ఈ లోకంలో ఇంతమంది నాకన్నా ముదిరినవాళ్ళు ఉన్నారని తెలిసేసరికి వాళ్ళందరి మీదా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. సావాసగాడి కథ ఎక్కడికో ఎగిరిపోయింది. నా వంతు రాగానే కొబ్బరికాయను ఒళ్ళో పెట్టుకుని మొత్తం కక్కేశాను. గంజిపొడి డబ్బా, స్కూటర్ సీటు, ఆముదం సీసా, మా ఆవిడ మోకాళ్ళు, పాయసం గుండిగ, లోటా కింద చీటీ, దేన్నీ వదల్లేదు. బిడ్డ సంగతికి వచ్చేసరికి మాత్రం 'బిడ్డకేమీ కాలేదు లెండి' అని గబగబా దాటేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి మనసు తేలికపడి, ఎవరైనా ఏదైనా అంటారేమోనని చుట్టూ చూశాను.

మజ్జిగ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెల్లచొక్కాయన గొంతు సవరించుకున్నాడు.

"అంతా సరి అండి. అప్పురం... ఇంకొకటి, మీకు షుగర్ ఎంత ఉండాది?"

"షుగరా? నేను సోడాతోనే కదండీ తాగేది."

అప్పుడు గోడ వైపు చూశాను. పాదాలు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసిన కాగితం అంటించి ఉంది. దాని పక్కన లడ్డూ మీద ఎర్రగా ఇంటూ గుర్తు. నేను కూర్చున్నది చక్కెర జబ్బువాళ్ళ కూటంలో. టీచరమ్మ పందిరి వెనక వేసుకున్నవి రెండు జిలేబీలు.

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది, కానీ మేం మొదటి అంతస్తులో ఉన్నాం. వెనక కుర్చీలో ఎవరో 'ఆముదం సీసా' అని పైకే అనుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. లేచి మెట్ల వైపు నడిచాను. ఆ నిమిషంలో నా మనసులో ఉన్నది ఒక్కటే, ఇక్కణ్ణుంచి తిన్నగా బ్రాందీ షాపుకే. ఇంత పరువు పోయాక ఇంక మానితే ఎంత, మానకపోతే ఎంత? రెండు మెట్లు దిగానో లేదో వెనకనుంచి నా మణికట్టు ఎవరో పట్టుకున్నారు.

"యాడికి పోతావురా?" టీచరమ్మ. "చీటీ ఇయ్యి ఇట్లా." చదివింది. తల కొట్టుకుంది. "గుడి కాదురా, కుడి! సందులో దూరినప్పుడు కుడి పక్క! ఎదురు మిద్దె చూడు, వాళ్ళే తాగేది మానేవాళ్ళు. మూడో క్లాసులో కూడా నువ్వు ఇంతే."

యాభై రెండేళ్ళ మగవాణ్ణి, పన్నెండు మగ్గాల యజమానిని, చేతిలో కొబ్బరికాయతో ఉన్నవాణ్ణి ఆవిడ చెయ్యి పట్టుకుని సందు దాటించి, ఎదురు మిద్దె మెట్లు ఎక్కించింది.

అక్కడ ఎనిమిదిమంది మగవాళ్ళు బెంచీల మీద ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డవాడు ఒకప్పుడు మా షెడ్డులో ఫిట్టర్. రెండేళ్ళ కిందట ఒక పొద్దున వాసన కొడుతూ పనికి వచ్చాడని అందరి ముందూ వాణ్ణి బయటికి పంపేశాను. 'తాగి వచ్చేవాడికి నా షెడ్డులో చోటు లేదు' అని గట్టిగా అరిచాను కూడా. అలా అరిచినప్పుడు నా నోట్లో యాలకులు ఉన్నాయి.

"రాండి మొదలాళి," అన్నాడు. మా వైపు యజమానిని అలాగే పిలుస్తారు. "కూర్చోండి."

ఎగతాళి చేస్తాడేమోనని వాడి మొహంలోకి చూశాను. లేదు. 'సావాసగాడి కోసం' అన్న మాట మళ్ళీ నాలుక చివరికి వచ్చింది. వెనక తలుపు దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది.

"ఆడ చెప్పిందంతా మళ్ళా చెప్పురా వీళ్ళకి," అంది.

చెప్పాను. ఒకసారి చెప్పేసిన కథ కాబట్టి ఈసారి తడుముకోలేదు. నేరుగా ఇక్కడికే వచ్చి ఉంటే ఈ ఫిట్టర్ మొహం చూసి అబద్ధం చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయేవాణ్ణి. చక్కెరవాళ్ళు నన్ను మెత్తబరిచి పంపారు. బిడ్డకేమీ కాలేదని మళ్ళీ గబగబా దాటేశాను. ఫిట్టర్ దాటనివ్వలేదు.

"ఏమీ కాలేదా మొదలాళి?"

"కాలేదు."

వాడు నా వైపే చూస్తూ కూర్చున్నాడు. మగ్గంలో తెగిన పోగు దొరికేవరకూ ఇలాగే చూస్తూ ఉండేవాడు.

"పడబోయింది," అన్నాను. "మా అమ్మాయి పట్టుకోకుంటే పడిపోయి ఉండేది." ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. అని ఏడ్చాను. ఎంతసేపో తెలీదు. ఎవరూ ఊరుకోమనలేదు.

ఏడుపు ఆగాక ఫిట్టర్‌తో అన్నాను, "ఆ దినం నిన్ను అందరి ముందర అట్లా అన్నాను కదా..."

"ఆ దినం మీ దగ్గర ఏలక్కాయ వాసన బలే వచ్చిందండి," అన్నాడు వాడు. బెంచీల మీదున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. "పరవాయిల్లై మొదలాళి, పోనీలెండి, టీ తాగండి. అప్పురం, ఆ టెంకాయ ఎందుకు తెచ్చినారు?"

టెంకాయ పగలగొట్టి అందరం తిన్నాం. టీ వచ్చింది. తాగుడు మానినవాళ్ళకు తీపి మీద యావ ఎక్కువట, ఒక్కో గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర, పక్కన క్రీం బిస్కెట్లు. టీచరమ్మ కళ్ళు ఆ పళ్ళెం మీదే ఉన్నాయి. "వీణ్ణి ఒంటిగా ఇడవకూడదు, నేను కూడా కూర్చుంటాను," అని ఒక గ్లాసు అందుకుంది.

మర్నాడు మా ఆవిడ తిరిగొచ్చింది. కబురు ఆమెకన్నా ముందే తళవాయిపురం వెళ్ళి తిరిగొచ్చింది.

"షుగర్ కూటంలో ఆముదం సంగతి చెప్పినారంట," అంది చెప్పులు విప్పుతూ.

"నువ్వు గుడి అని రాసినావు."

"నేను కుడి అని రాసినాను."

"ఆ చీటీలో ఏది క, ఏది గ?"

"తాగనివాళ్ళకి తెలుస్తుంది," అని లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి ఆమె ఒక్కతే నవ్వుకోవడం వినిపించింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా నెలలైంది.

అంతటితో మానేశానని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. పంతొమ్మిదో రోజున తప్పాను. మగ్గం పాడయింది, మనసు బాగాలేదు, సాకు కావాలంటే దొరక్కపోదు. వెళ్ళి కూటంలో చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడితే కోపం తెచ్చుకుని లేచి పోదామనుకున్నాను, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు.

అన్నిటికన్నా కష్టం ఆరు నుంచి తొమ్మిది దాకా. ఆ మూడు గంటలూ ఇంత పొడుగుంటాయని నాకు ఎప్పుడూ తెలీదు. కూటం లేని రోజుల్లో ఆ పొద్దు గడవడానికి టీచరమ్మే ఒక దారి చూపించింది. మా ఊళ్ళో తెలుగు అక్షరాలు వచ్చిన బహు కొద్దిమందిలో ఆవిడ ఒకరు. రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొనిపించి మొదటి పేజీలో రెండే అక్షరాలు రాసింది.

"ఇది క. ఇది గ. ఇంకొక తూరి దారి తప్పినావంటే చెవి పీకేస్తాను."

తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. గుడి అని అక్షరం మీద పెట్టే గుర్తుకు కూడా పేరుందని తెలిసి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తప్పుతాను. టీచరమ్మ మాత్రం నాలుగో వారం పట్టుబడింది. తెల్లచొక్కాయన ఎదురు కిటికీలోంచి ఆవిడ చేతిలో క్రీం బిస్కెట్టు చూసి, సందంతా వినిపించేలా కేకేశాడు. ఆవిడ బిస్కెట్టు నా చేతిలో పెట్టేసి, "పట్టుకోమని ఇచ్చినాడు," అంది. నేను నోరెత్తలేదు. ఆవిడకు నేను పడ్డ రుణం అంత చిన్నది కాదు.

అమ్మాయి మాత్రం ఫోన్ కూడా చేయలేదు. నేనూ చేయలేదు. నమ్మకం అడిగి తీసుకునేది కాదని ఫిట్టర్ అన్నాడు. నెల తర్వాత నెల పోయింది. బిడ్డ బోర్లా పడిందని, పాకుతోందని మా ఆవిడ వెళ్ళొచ్చినప్పుడల్లా గోడకు చెప్పినట్టు చెప్పేది, నేను వినాలని. ఒక ఆదివారం కాఫీ లోటా కింద చీటీ కనిపించింది. రోజు కాగితం. తిప్పి చూశాను. పది గంటల బస్సు. చొక్కా ఇస్త్రీ చేసినాను.

తళవాయిపురంలో దిగి నడిచాం. వాళ్ళ గుమ్మం ముందు నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. వరండాలో కుర్చీ ఉంది. దాంట్లో కూర్చోబోయాను. అమ్మాయి బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. బిడ్డ నిద్రలో ఉంది. నా ముందుకొచ్చి నిలబడి, వాసన చూస్తోందని తెలిసేలానే, కాస్త దగ్గరగా వంగింది. నేను కదల్లేదు. యాలకులు వేసుకోలేదు.

"నాయనా," అంది. "కుడి..."

తాగుడు సంగతి అడగబోతోంది. పంతొమ్మిదో రోజు సంగతి కూడా చెప్పాలి, దాచకూడదు అనుకుని నోరు తెరిచాను.

"కుడి చెయ్యి తల కింద పెట్టండి," అంది.

అది కుడివైపు కుడి. వట్టి కుడి చెయ్యి. పెట్టాను. బిడ్డ తల నా అరచేతిలోకి వచ్చింది, ఒళ్ళు నా మోచేతి మీదికి. నేను ఊహించుకున్న దానికన్నా చాలా బరువుంది. నా చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఒట్టు, కొంచెం కూడా తీసుకోలేదు, అయినా వణికింది. అమ్మాయి ఆ వణుకు చూసింది. నేను చూడటం కూడా చూసింది.

బిడ్డను వెనక్కి తీసుకోలేదు.